ఆరు వచనాల మీద నిలిచిన వాదన: యేసు పునరుత్థానానికి చరిత్రలో ఉన్న సాక్ష్యం ఎంత?

యేసు మూడో రోజున మరణం నుంచి లేచాడన్న నమ్మకం క్రైస్తవంలో మిగతా అద్భుతాల వరసలో చేరేది కాదు. కానా ఊళ్లో నీళ్లు ద్రాక్షారసం కావడం, గలిలయ సముద్రం మీద గాలివాన అణగడం పక్కన పెట్టినా ఆ మతం నిలబడుతుంది. ఇది పక్కన పెడితే నిలబడదు. ఈ మాట అన్నది విమర్శకులు కాదు, పౌలే కొరింథు సంఘానికి రాశాడు: "క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." ఒక మతం తన బరువంతా ఫలానా ఊళ్లో, ఫలానా అధికారి కాలంలో జరిగిందని చెప్పే ఒక్క సంఘటన మీద పెట్టినప్పుడు చరిత్రకారులు ఆ ఊరినీ ఆ కాలాన్నీ వెతుక్కుంటూ వెళ్లడం సహజమే. 18వ శతాబ్దం నుంచి ఆ పని ఆగకుండా సాగుతోంది.

తెలుగునాట ఈ చర్చ రెండు చోట్ల గట్టిగా వినిపిస్తుంది. ఈస్టర్ ప్రసంగాల్లో ఖాళీ సమాధి, ఐదువందల మంది సాక్షులు, ప్రాణాలిచ్చిన శిష్యులు అంటూ అన్నీ ఒక్క ఊపులో వచ్చేస్తాయి. హేతువాదుల సభల్లో, యూట్యూబ్ చర్చల్లో, ఇవన్నీ వందేళ్ల తర్వాత అల్లిన కథలని అంతే ఊపుతో కొట్టేస్తారు. రెండు చోట్లా జరిగే పొరపాటు ఒక్కటే. బలమైన సాక్ష్యాన్ని, మధ్యస్థమైనదాన్ని, అసలు సాక్ష్యమే కానిదాన్ని కలిపి ఒకే కుప్పగా పోయడం. వీటిని విడదీసి దేనికది తూచి చూస్తే రెండు వర్గాలకూ కొంత ఇబ్బందిగానే ఉంటుంది, కానీ అసలు విషయం అప్పుడే కనిపిస్తుంది.

మరణం విషయంలో అనుమానం తక్కువ

యేసు రోమన్ల చేతిలో సిలువ మీద చనిపోయాడు. సంవత్సరం క్రీ.శ. 30 గానీ 33 గానీ. దీన్ని కాదనే చరిత్రకారులు చాలా తక్కువ. సువార్తలు, పౌలు లేఖలు అటుంచితే, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 116 ప్రాంతంలో రాస్తూ తిబెరి కైసరు పాలనలో పొంతి పిలాతు ఆజ్ఞ మీద క్రీస్తుకు మరణశిక్ష పడిందని, దాంతో కొన్నాళ్లు అణగిన ఆ 'మూఢనమ్మకం' మళ్లీ బయటపడిందని చెప్పాడు. క్రైస్తవులంటే ఏ మాత్రం గిట్టని మనిషి మాట కాబట్టి దీని విలువ ఎక్కువ. పిలాతు ఉనికికి రాతి ఆధారమే ఉంది. 1961లో కైసరయలో దొరికిన ఫలకం మీద అతని పేరు, యూదయ అధికారిగా అతని హోదా చెక్కి ఉన్నాయి.

యూదు చరిత్రకారుడు జోసెఫస్ సంగతి వేరు. 93 ప్రాంతంలో పూర్తయిన ఆయన గ్రంథంలో యేసు గురించి ఒక పేరా ఉంది. అందులో యేసు మూడో రోజున సజీవంగా శిష్యులకు కనిపించాడన్న వాక్యం కూడా ఉంది. యూదుడిగానే బతికిన జోసెఫస్ అలా రాయడు. అసలు పేరా ఒకటి ఉండగా దానికి తర్వాతి క్రైస్తవ లేఖకులు మెరుగులు దిద్దారన్నది ఎక్కువమంది పండితుల మాట. పేరా మొత్తం చొప్పించిందే అనేవారూ ఉన్నారు. ఎటు చూసినా పునరుత్థానానికి జోసెఫస్‌ను సాక్షిగా పిలవడం న్యాయం కాదు. ప్రసంగాల్లో ఆ పేరాను యథాతథంగా చదవడం ఆపేస్తే మంచిది.

యేసు సిలువ మీద చనిపోలేదు, సొమ్మసిల్లాడంతే అన్న వాదన కూడా పాతదే. మన దేశంలో దీనికి ఒక ప్రత్యేక రూపం ఉంది. అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్, యేసు సిలువ నుంచి బతికి బయటపడి కశ్మీర్ చేరాడని, శ్రీనగర్‌లోని ఖాన్యార్‌లో ఉన్న రోజాబల్ సమాధి ఆయనదేనని 19వ శతాబ్దం చివర్లో చెప్పారు. ఈ వాదనకు ఆసరాగా చూపే ఆధారాలన్నీ యేసు కాలానికి వందల ఏళ్ల తర్వాతివి. సిలువ శిక్ష నుంచి బతికి బయటపడే అవకాశం ఎంతో చెప్పే సంగతి ఒకటి జోసెఫస్ ఆత్మకథలోనే ఉంది. తనకు తెలిసిన ముగ్గురు సిలువ మీద వేలాడుతుండగా చూసి ఆయన సేనాని తీతును వేడుకుంటాడు. వెంటనే దించి శ్రద్ధగా వైద్యం చేయిస్తారు. అయినా ఇద్దరు చనిపోయారు, ఒక్కడే బతికాడు. 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు డేవిడ్ స్ట్రౌస్ అద్భుతాలను నమ్మనివాడే. ఆయనే ఈ వాదనను అందరికన్నా గట్టిగా తోసిపుచ్చాడు. కట్లు కట్టించుకుని, నడవలేక వచ్చిన సగం ప్రాణం మనిషిని చూసి, ఈయన మరణాన్ని జయించాడని శిష్యులు ఎలా అనుకుంటారన్నది ఆయన ప్రశ్న. దానికి ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదు.

ఆరు వచనాలు

అసలు బరువంతా కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో, మూడో వచనం నుంచి ఎనిమిదో వచనం దాకా ఉంది. క్రీస్తు చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడో రోజున లేపబడ్డాడు, కేఫాకు అంటే పేతురుకు కనబడ్డాడు, తర్వాత పన్నెండుగురికి, ఒకేసారి ఐదువందల మందికి పైగా సహోదరులకు, తర్వాత యాకోబుకు, అపొస్తలులందరికీ, చిట్టచివరికి "అకాలమందు పుట్టినట్టున్న నాకును కనబడెను" అని పౌలు ముగిస్తాడు.

ఈ లేఖ 53-55 మధ్య ఎఫెసు నుంచి వెళ్లింది. ఆ లెక్క ఎలా తేలిందంటే, పౌలు కొరింథులో ఉన్నప్పుడు గల్లియోను అనే రోమన్ అధికారి ముందు విచారణకు నిలబడ్డాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనపు ముక్కల వల్ల గల్లియోను కొరింథులో 51-52 ప్రాంతంలో పాలించాడని తెలిసింది. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ లెక్కవేస్తే పౌలు జీవితంలో చాలా తేదీలు కుదురుకుంటాయి.

లేఖ తేదీ కన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. పౌలు ఈ జాబితాను తన సొంత మాటగా చెప్పడం లేదు. తనకు అప్పగించిన ఉపదేశాన్నే మీకు అప్పగించానంటున్నాడు. గురువు నుంచి శిష్యుడికి కంఠస్థంగా అందే పాఠాన్ని యూదు పండితులు చెప్పే తీరు అది. మరి ఆయనకు ఎవరు అప్పగించారు? గలతీయులకు రాసిన లేఖలో జవాబుకు దగ్గరగా ఒక సంగతి దొరుకుతుంది. క్రైస్తవులను వేటాడుతున్న తనకు యేసు కనబడ్డాడని చెప్పిన దమస్కు అనుభవం తర్వాత మూడేళ్లకు యెరూషలేము వెళ్లి కేఫాతో 15 రోజులు గడిపానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని పౌలు రాశాడు. అది 30ల నడుమనో చివర్లోనో జరిగి ఉండాలి. జాబితాలో పేర్లు చెప్పిన ఇద్దరినీ పౌలు ముఖాముఖి కలిశాడన్నమాట. కేఫా మాటను కేఫా నోటే విన్నవాడు రాసిన పత్రం మన చేతిలో ఉంది. ప్రాచీన చరిత్రలో ఇంత దగ్గరి సాక్ష్యం తరచూ దొరకదు.

క్రైస్తవాన్ని వదిలేసిన జర్మన్ పండితుడు గెర్ట్ లూడెమన్ కూడా ఈ జాబితాలోని మూల భాగం సిలువ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే తయారైందని ఒప్పుకున్నారు. కాబట్టి పునరుత్థాన కథ వందేళ్ల తర్వాత పుట్టిందన్న మాట నిలవదు. తాము యేసును చూశామని ఆ మనుషులు మొదటి నుంచే నమ్మారు, చెప్పారు. చరిత్రకారుడు ధైర్యంగా అనగలిగే మాట ఇది.

ఈ ఆరు వచనాల్లో లేనివి కూడా అంతే శ్రద్ధగా చూడాలి. స్త్రీలు లేరు. దేవదూతలు లేరు. ఏ ఊళ్లో, ఏ వేళ అన్నది లేదు. చేపలు తినడం, గాయాలు తాకి చూడటం లేవు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది, పౌలు తన అనుభవాన్ని కూడా అదే వరసలో, పేతురు అనుభవం పక్కనే పెట్టడం. కార్యముల గ్రంథం పౌలు అనుభవాన్ని ఆకాశం నుంచి వెలుగు, స్వరంగా వర్ణిస్తుంది. లూకా సువార్తలో మాత్రం యేసు తనకు మాంసం, ఎముకలు ఉన్నాయని చూపించి కాల్చిన చేప తింటాడు. పేతురు చూసింది పౌలు చూసినట్టుగానా, లూకా చెప్పినట్టుగానా? పౌలు ఇదే అధ్యాయంలో లేచిన దేహాన్ని ఆత్మసంబంధమైన శరీరం అన్నాడు, రక్తమాంసాలు దేవుని రాజ్యాన్ని స్వతంత్రించుకోలేవన్నాడు. చనిపోయినవారు మళ్లీ లేస్తారని నమ్మే యూదు వర్గమైన పరిసయ్యుల్లో పెరిగిన పౌలుకు పునరుత్థానం అంటే శరీరం ఉన్నదేనని, వట్టి ఆత్మ కాదని బ్రిటిష్ పండితుడు ఎన్.టి. రైట్ వంటివారు బలంగా వాదించారు, ఆ వాదన సబబుగానే ఉంది. కానీ కళ్ల ముందు ఏం కనిపించిందన్న ప్రశ్నకు ఈ జాబితా జవాబు ఇవ్వదు.

ఐదువందల మంది సంగతి ప్రసంగాల్లో ఎక్కువగా వినిపిస్తుంది, పరిశోధనలో తక్కువ బరువు తూగుతుంది. ఒక్క పేరు లేదు, చోటు లేదు, నాలుగు సువార్తల్లో ఎక్కడా ప్రస్తావన లేదు. వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని పౌలు రాయడం, కావాలంటే అడగండి అన్నట్టే ఉంది, నిజమే. కానీ కొరింథు నుంచి యెరూషలేముకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఎవరైనా వెళ్లి అడిగారా అన్న దానికి రికార్డు లేదు.

ఇంతగా ఎవరూ పట్టించుకోని యాకోబు విషయంలో సాక్ష్యం చాలా గట్టిది. యేసు బతికున్నప్పుడు ఆయన తోబుట్టువులు నమ్మలేదని యోహాను సువార్త చెబుతుంది. ఇంటివాళ్లు ఆయనకు మతి చలించిందనుకుని పట్టుకోవడానికి వచ్చారని మార్కు చెబుతాడు. సంఘం గొప్పగా చూసుకునే కుటుంబం గురించి ఇలాంటి మాటలు ఎవరూ సరదాకి కల్పించరు. అదే యాకోబు కొన్నేళ్లకు యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. 62లో ప్రధాన యాజకుడు అనను ఆయన్ని రాళ్లతో కొట్టించి చంపించాడని జోసెఫస్ రాశాడు. ఈ వాక్యాలను దాదాపు అందరూ అసలువే అంటారు. తమ్ముడో అన్నో దేవుని అభిషిక్తుడని నమ్మడం, అందులోనూ నేరస్థుడిగా చనిపోయాక నమ్మడం, చిన్న సంగతి కాదు. ఆ మార్పుకు కారణం ఏమిటని అడిగితే పౌలు మూడే మాటల్లో చెప్పాడు: తరువాత యాకోబుకు కనబడెను. ఆ కలయిక ఎలా జరిగిందో కొత్త నిబంధన ఎక్కడా కథగా చెప్పలేదు. కల్పించాలనుకుంటే ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు, అయినా కొత్త నిబంధన రచయితలెవరూ కల్పించలేదు.

సమాధి

ఖాళీ సమాధి కథ దీనికన్నా ఒక మెట్టు కిందే ఉంటుంది. మనకున్న తొలి కథనం మార్కుది, అది 70 ప్రాంతానిది. మిగతా సువార్తలు ఆ తర్వాత పది నుంచి ముప్పై ఏళ్లలోపు రాసినవి.

మొదటి ప్రశ్న, అసలు సమాధి జరిగిందా? రోమన్లు సిలువ వేసినవారి శవాలను తరచూ కుక్కలకు, పక్షులకు వదిలేసేవారు. జాన్ డొమినిక్ క్రోసన్ వంటి పండితులు యేసు విషయంలోనూ అదే జరిగి ఉంటుందన్నారు. కానీ యుద్ధం లేని రోజుల్లో యెరూషలేములో పరిస్థితి వేరు. ఉరితీసిన మనిషి శవం రాత్రంతా మాను మీద ఉండకూడదని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. యూదులు సిలువ వేసినవారిని కూడా పొద్దుగూకక ముందే దించి పాతిపెడతారని జోసెఫస్ చెప్పాడు. 1968లో యెరూషలేము ఉత్తర భాగంలో ఒక సమాధి గుహ తవ్వినప్పుడు యెహోహానాన్ అనే పేరున్న ఎముకల పెట్టె దొరికింది. అందులోని మడమ ఎముకలో పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు దిగి ఉంది. సిలువ వేసిన మనిషికి కుటుంబ సమాధి దక్కిందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. యేసుకూ అలాగే దక్కిందని ఇది నిరూపించదు గానీ, సాధ్యం కాదన్న వాదనను పడగొడుతుంది. సమాధి జరిగిందన్న మాటే పౌలు జాబితాలో కూడా ఉంది కాబట్టి తక్కెడ అటే మొగ్గుతుంది.

రెండో ప్రశ్న, ఆ సమాధి ఖాళీగా కనిపించిందా? దీనికి అనుకూలంగా చెప్పే బలమైన వాదన స్త్రీల గురించినది. నాలుగు సువార్తల్లోనూ మొదట వెళ్లింది స్త్రీలే, మగ్దలేనే మరియ పేరు నాలుగింటిలోనూ ఉంది. స్త్రీల సాక్ష్యం చెల్లదని జోసెఫస్ రాసిన కాలం అది. రెండో శతాబ్దపు విమర్శకుడు సెల్సస్ ఈ స్త్రీ సాక్ష్యాన్నే పట్టుకుని ఎగతాళి చేశాడు. కథ అల్లేవారు పేతురునో, యేసును సమాధి చేసిన అరిమతయియ యోసేపునో సమాధి దగ్గరికి పంపేవారు గానీ, తమకే చిన్నచూపు తెచ్చే సాక్షుల్ని ఎంచుకుంటారా? శిష్యులకు కూడా ఆ మాటలు "వెఱ్ఱిమాటలుగా కనబడెను" అని లూకా దాచకుండా రాశాడు.

అవతలి వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. శవానికి సుగంధద్రవ్యాలు పూయడం, సమాధి దగ్గర ఏడవడం అప్పటి సమాజంలో స్త్రీల పని. శిష్యులేమో పారిపోయారు. కథలో సమాధి దగ్గరికి ఇంకెవరు వెళ్తారు? పైగా మార్కు తొలి ముగింపు విచిత్రంగా ఉంటుంది. స్త్రీలు వణుకుతూ పారిపోయారు, "భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు" అని 16వ అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. ఆ తర్వాతి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు చేతిరాత బైబిళ్లయిన సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. అంటే యేసు ఎవరికైనా కనబడిన కథ మార్కు అసలు పాఠంలో లేదు. ఖాళీ సమాధి సంగతి అప్పటిదాకా ఎవరూ ఎందుకు వినలేదన్న ప్రశ్నకు జవాబుగానే మార్కు ఇలా ముగించాడని కొందరి అనుమానం.

ఇవన్నీ తూచితే, సమాధి ఖాళీగా ఉండి ఉండవచ్చన్న వైపే కొంచెం మొగ్గు. విశ్వాసి, నిష్కర్షగా ఆలోచించే పండితుడు అయిన డేల్ ఆలిసన్ కూడా ఈ 'ఉండి ఉండవచ్చు' దగ్గరే జాగ్రత్తగా ఆగుతారు. ఒకవేళ ఖాళీగానే ఉందనుకున్నా అది తనంతట తాను ఏమీ చెప్పదు. యోహాను సువార్తలో ఖాళీ సమాధిని చూసిన మరియకు మొదట తట్టింది ఎవరో శవాన్ని ఎత్తుకుపోయారన్న ఆలోచనే.

సువార్తల మధ్య తేడాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్త్రీలు ఒకరా ముగ్గురా, దేవదూతలు ఒకరా ఇద్దరా అన్నవి ఏ నలుగురు సాక్షుల మధ్యనైనా వచ్చే తేడాలే. ఒక్క తేడా మాత్రం అలాంటిది కాదు. మార్కు, మత్తయి ప్రకారం శిష్యులు యేసును చూడటానికి గలిలయ వెళ్లాలి. లూకాలో యేసు వాళ్లను పట్టణంలోనే ఉండమంటాడు, ఆ కథంతా యెరూషలేము చుట్టూనే జరుగుతుంది. దీన్ని సర్దిచెప్పే ప్రయత్నాలు ఉన్నాయి గానీ, తృప్తినిచ్చేవి లేవు. సమాధి దగ్గర కావలివాళ్ల కథ మత్తయిలో తప్ప మిగతా మూడు సువార్తల్లో లేదు, కాబట్టి దాని మీద వాదన కట్టకూడదు. అదే మత్తయి, చివరి దర్శనంలో శిష్యులు మొక్కారంటూనే "కొందరు సందేహించిరి" అని కూడా రాశాడు. ప్రచారానికి పనికిరాని ఈ రెండు ముక్కలు కావలివాళ్ల కథ కన్నా ఎక్కువ నమ్మదగ్గవి.

సాక్ష్యంగా పనికిరాని వస్తువులు

పారిస్‌లో ఒక పాలరాతి పలక ఉంది. సమాధులను కదిపి శవాలు తీసినవారికి మరణశిక్ష అని చక్రవర్తి ఆజ్ఞ దాని మీద గ్రీకులో చెక్కి ఉంది. 1878లో నజరేతు నుంచి వచ్చిందన్న చీటీతో సేకరణలో చేరింది. అందుకే ఖాళీ సమాధి వార్త విన్న రోమ్ వేసిన ఆజ్ఞ అంటూ దశాబ్దాల పాటు ప్రచారం జరిగింది. 2020లో ఆ రాతిని రసాయనికంగా పరీక్షిస్తే అది ఏజియన్ సముద్రంలోని కోస్ ద్వీపం గనుల రాయి అని తేలింది. ఇప్పుడు దాన్ని ఆ ద్వీపంలో జరిగిన వేరే సమాధి అపచారంతో ముడిపెడుతున్నారు. యేసు శవాన్ని చుట్టిన బట్ట అని చెప్పే టూరిన్ వస్త్రం సంగతీ అంతే. 1988లో మూడు ప్రయోగశాలలు చేసిన కార్బన్ పరీక్షల్లో దాని వయసు 1260-1390 మధ్యదని వచ్చింది. ఆ ఫలితంతో తగువు పడేవారు ఇంకా ఉన్నారు, కానీ తగువులో ఉన్న గుడ్డను సాక్ష్యంగా తీసుకురావడం వల్ల మంచి సాక్ష్యాల మీద కూడా నమ్మకం పోతుంది.

చూశామన్నవాళ్లు ఏం చూశారు?

శిష్యులే శవాన్ని దొంగిలించి అబద్ధం చెప్పారన్న వాదనను 18వ శతాబ్దపు జర్మనీలో రైమారస్ రాశాడు, ఆయన చనిపోయాక లెస్సింగ్ దాన్ని అచ్చు వేయించాడు. ఇప్పుడు దాన్ని సమర్థించే పండితులు దాదాపు లేరు. ఈ రోజు గట్టి పోటీ ఇచ్చే వివరణ దర్శనాలది. 1971లో వేల్స్‌కు చెందిన డ్యూయీ రీస్ అనే డాక్టర్, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి చూశారు. దాదాపు సగం మంది పోయినవాళ్లు దగ్గర్లోనే ఉన్నట్టు ఏదో ఒక రకంగా అనుభవించామన్నారు, సుమారు 14 శాతం మంది కళ్లతో చూశామన్నారు. వీళ్లు పిచ్చివాళ్లు కారు, మామూలు మనుషులు. గురువును వదిలి పారిపోయి, ఎరగనని బొంకి, కుమిలిపోతున్న పేతురుకు ఇలాంటిది జరగడం ఆశ్చర్యం కాదని లూడెమన్ వాదించారు.

ఈ వివరణ పేతురు వరకు బాగానే నడుస్తుంది. పన్నెండుగురికి కలిసి కనబడ్డాడన్న చోట కాస్త తడబడుతుంది. పౌలు దగ్గర బాగా తడబడుతుంది, ఎందుకంటే ఆయనకు యేసు పోయిన దుఃఖం లేదు, ఆ గుంపును వేటాడుతున్నాడు. పౌలు మనసులో లోలోపల సంఘర్షణ ఉండేదన్న జవాబు ఊహ మాత్రమే. పైగా రీస్ కలిసినవాళ్లు తమవాళ్లు సమాధి నుంచి లేచారని చెప్పలేదు. ఆత్మ కనిపించింది, దేవుని దగ్గర ఉన్నాడు అంటే సరిపోయే చోట 'లేచాడు' అన్న మాట ఎందుకు వచ్చింది? యూదుల్లో పునరుత్థానమంటే యుగాంతంలో అందరికీ కలిపి జరిగేది, మధ్యలో ఒక్కడికి కాదు. రైట్ వాదనలో ముఖ్యమైన మేకు ఇదే. అది కనిపించినంత గట్టిగా దిగలేదు. యేసు మృతుల్లోంచి లేచిన బాప్తిస్మమిచ్చు యోహానే అని జనం అనుకునేవారని మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. ఒక్క మనిషి లేవడమన్న ఊహ గలిలయ వీధుల్లో అప్పటికే ఉందన్నమాట.

ఐదువందల మంది చూస్తే భ్రమ ఎలా అవుతుందని అడిగేవారు 1968 ఏప్రిల్‌లో కైరో నగరం జైతూన్‌లో జరిగిన దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడి చర్చి గోపురం మీద వెలుగుతున్న స్త్రీ రూపాన్ని, మరియమ్మ అంటూ, క్రైస్తవులు, ముస్లింలు కలిసి వేలమంది చూశామన్నారు, అదీ ఎన్నో రాత్రులు. మరియమ్మ దర్శనాలను ఒప్పుకోని ప్రొటెస్టెంట్ ప్రసంగీకుడు కొరింథు జాబితాలోని ఐదువందల మందిని అంకెగా వాడేముందు దీనికి ఏం చెబుతాడో తేల్చుకోవాలి. అలాగే అన్నిటికీ 'సామూహిక భ్రాంతి' అని చెప్పి ముగించే హేతువాది, అది ఎలా పనిచేస్తుందో వివరించాలి. పేరు పెట్టినంత మాత్రాన వివరణ అయిపోదు.

శిష్యులందరూ దీని కోసం ప్రాణాలిచ్చారన్న మాటకు కూడా హద్దులు ఉన్నాయి. పేతురు, పౌలు, జెబెదయి కొడుకు యాకోబు, ప్రభువు సహోదరుడు యాకోబు, ఈ నలుగురి విషయంలో సాక్ష్యం బాగుంది. మిగతావాళ్లవి చాలావరకు తర్వాతి గాథలు. మైలాపూరులో తోమా చనిపోయాడన్న సంప్రదాయం మన దక్షిణాదికి ఎంతో ప్రియమైనదే గానీ, తోమా హతమయ్యాడని చెప్పే పాత గ్రంథం మూడో శతాబ్దపు సిరియా ప్రాంతానిది. ప్రాణాలివ్వడం చిత్తశుద్ధికి రుజువు. వాళ్లు అబద్ధమాడలేదని అది చెబుతుంది, పొరబడలేదని చెప్పదు.

నాయకుడు చనిపోతే ఉద్యమం ఆగిపోవాలి కదా, ఇది ఆగలేదే అన్న వాదన కూడా వింటాం. 135లో, మెస్సీయ అనిపించుకున్న యూదు తిరుగుబాటు నాయకుడు బార్ కొఖ్బా చనిపోయాక ఆయన ఉద్యమం నిజంగానే ఆగింది. కానీ 1666లో మెస్సీయ అనిపించుకున్న షబ్బతయ్ జెవీ సుల్తాన్ ముందు ఇస్లాం స్వీకరించినా, కొందరు అనుచరులు అందులోనే రహస్య అర్థం వెతుక్కుని తరతరాలు కొనసాగారు. ఆశ భంగమైనప్పుడు మనుషులు దాన్ని కొత్త అర్థంతో నిలబెట్టుకోగలరు. అయితే షబ్బతయ్ అనుచరుల ప్రచారానికి కేంద్రం 'మేము లేచినవాణ్ణి చూశాం' అన్న సాక్ష్యం కాదు. పోలిక అక్కడ ఆగుతుంది.

పత్రాలు చెప్పలేనిది

ఇక్కడిదాకా వచ్చాక చరిత్ర పద్ధతి తన పని దాదాపు పూర్తిచేసినట్టే. యేసు చనిపోయాడు, బహుశా సమాధి అయ్యాడు, కొద్దికాలంలోనే ఆయన మనుషులు, ఆయన్ని నమ్మని యాకోబు, ద్వేషించిన పౌలు కూడా ఆయన్ని చూశామని మనస్ఫూర్తిగా నమ్మారు. దీన్నుంచి 'నిజంగా లేచాడు' అన్న మాటకు వెళ్లాలంటే అలాంటిది అసలు జరగగలదా అన్న ముందు అంచనా కావాలి. అది పౌలు లేఖలో దొరకదు.

1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఈ అంచనాకు ఒక సూత్రం ఇచ్చాడు. అద్భుతం జరగడం కన్నా సాక్ష్యం అబద్ధం కావడమే పెద్ద అద్భుతం అయితే తప్ప నమ్మకూడదన్నాడు. ఆ వ్యాసంలోనే ఆయన ఒక భారతీయ రాజకుమారుడి ఉదాహరణ ఇస్తాడు. చలికి నీళ్లు గడ్డకడతాయని ఎవరో చెబితే ఆ రాజు నమ్మలేదు. తనకున్న అనుభవాన్ని బట్టి అతను ఆలోచించిన తీరు సరైనదే అంటాడు హ్యూమ్. తీరు సరైనదే కావచ్చు, తేల్చిన మాట మాత్రం తప్పు. నీళ్లు నిజంగానే గడ్డకడతాయి. వెచ్చని దేశంలో కూర్చున్నవాడి అనుభవం ఉత్తర ధ్రువానికి కొలబద్ద కాలేనప్పుడు, దేవుడు ఉంటే ఏం చేయగలడన్న దానికి ఎవరి అనుభవం కొలబద్ద? హ్యూమ్ సూత్రానికి సొంత ఉదాహరణే పెద్ద ఇబ్బంది తెచ్చిందనిపిస్తుంది.

ముందు అంచనాను సాక్ష్యంతో సరిదిద్దే థామస్ బేయస్ సంభావ్యతా సూత్రాన్ని 1763లో వెలుగులోకి తెచ్చిన రిచర్డ్ ప్రైస్ నాలుగేళ్ల తర్వాత హ్యూమ్‌కు జవాబు రాశాడు. లాటరీలో ఫలానా టికెట్ గెలవడం ఎంతో అరుదు, అయినా పేపర్లో చదివితే నమ్ముతాం కదా అన్నాడు. వాదన మంచిదే గానీ, ఏదో ఒక టికెట్ గెలుస్తుందని ముందే తెలుసు. ఎవరో ఒకరు మృతుల్లోంచి లేస్తారని అలా తెలియదు. మన కాలంలో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ ఇదే బేయస్ లెక్కతో పునరుత్థానానికి 97 శాతం సంభావ్యత తేల్చారు. లెక్క తప్పు కాదు. అయితే దేవుడు ఉండే అవకాశం సగానికి సగం అని మొదటి మెట్టులోనే పెట్టారు. ఆ అంకె దగ్గర లక్షలో ఒకటి అని పెట్టేవాడికి చివర్లో వేరే అంకె వస్తుంది. సాక్ష్యం మాత్రం ఇద్దరికీ అదే.

ఈ మెట్టు మీద మనుషులు ఎటు తిరుగుతారో వాళ్ల మతాన్ని బట్టి కూడా చెప్పలేం. లూడెమన్ క్రైస్తవ వేదాంతశాస్త్ర ఆచార్యుడిగా మొదలై, దర్శనాలే తప్ప మరేమీ కాదని తేల్చుకుని మతం విడిచారు. సనాతన యూదు పండితుడైన పిన్‌ఖాస్ లపీదె 1970ల్లో ఇవే పత్రాలను చదివి, దేవుడు యేసును నిజంగానే లేపాడని ఒప్పుకున్నారు. భయపడి చెదిరిపోయిన గలిలయ జాలరుల్లో వచ్చిన మార్పుకు దర్శనాల వివరణ చాలదన్నది ఆయన వాదన. అయినా ఆయన క్రైస్తవుడు కాలేదు. చనిపోయినవారిని దేవుడు లేపడం యూదు లేఖనాలకు కొత్త కాదని, లేచినంత మాత్రాన ఇశ్రాయేలు ఎదురుచూసే మెస్సీయ అయిపోడని, మెస్సీయ వస్తే లోకంలో రావాల్సిన శాంతి ఇంకా రాలేదని ఆయన లెక్క.